వేంగి శాసనములు – ఎక్స్.ఎం.ఎల్. గుర్తులు

రేడియోలో ప్రసంగము చదువువాని చేతి కాగితమును చూచినవారు తక్కువ. దానిమీద రెండు విధములైన వ్రాతలుండును. ఒకటి శ్రోతలు వినవలసినది. రెండవది చదువువాని కొఱకు మాత్రమే: ఇచ్చట ఆగవలెను, ఇచ్చట గొంతు తగ్గింపవలెను, ఇచ్చట తంబుర వినిపించును అని ఎఱ్ఱ పెన్సిలుతో అంచున వ్రాసికొను గుర్తులు. ఈ రెండింటికి నడుమ గీత చెరిగిపోయిన నాడు ఏమగునో ఈ వృత్తిలోనివారికి బాగుగా తెలియును. నేను కొత్తగా కొలువులో చేరిన దినములలో, ఒక ఉదయము ఒక పెద్దమనిషి సంస్మరణ ప్రసంగమును చదువుచుంటిని. ఆయన మరణమును చెప్పు వాక్యము వెంబడి, అదే సిరాతో, అదే దస్తూరితో, అదే వరుసలో "మూడు క్షణములు మౌనము" అని యున్నది. నేను ఆ మాటలను గూడ గంభీరముగా చదివివేసితిని. మౌనము పాటింపబడలేదు, ప్రకటింపబడినది. మా పై అధికారి కోపించుటకు మాఱు నవ్విరి. అది నాకు మఱింత సిగ్గు కలిగించినది.

శ్రోతలారా, ఈ చిన్న సంగతితో మొదలుపెట్టుటకు కారణము కలదు. మన వేంగి దేశపు ప్రాచీన చరిత్రలో అధికభాగము రాతిమీదను రాగిమీదను వ్రాసిన వ్రాతలనుండి తెలిసినదే. వానిని చదివి అచ్చువేయించిన పండితులు తమ మాటలను కొన్నింటిని ఆ వ్రాతలో చేర్చక తప్పలేదు. చిలుము తినివేసినచోట అక్షరమును పూరింపవలసివచ్చినది. చెక్కినవాని తప్పును దిద్దవలసివచ్చినది. ఇక రాగిరేకు పలికిన మాట యేది, సంపాదకుడు పలికిన మాట యేది? ఈ రెండును కలిసిపోకుండ కాపాడుటకు నేడు మనకున్న ఉపాయములలో మేలైనది 'ఎక్స్.ఎం.ఎల్.' అను లేఖనపద్ధతి. అది కంప్యూటరు వర్తకుల సొత్తని మనలో పెక్కుమంది తలతురు. దాని పుట్టుకలో ప్రాచీనగ్రంథముల పరిష్కర్తలకు గూడ పాలు కలదు.

గుర్తు లేకపోవుట వలన ఎంత చిక్కు వచ్చునో చెప్పుటకు కొల్లేటి కథ ఒకటి చాలును.

అలహాబాదు స్తంభముపై హరిషేణుడు రచించిన సముద్రగుప్తుని ప్రశస్తి కలదు. అది నాలుగవ శతాబ్దపుది. గుప్తచక్రవర్తి ఓడించి విడిచిపెట్టిన దక్షిణాపథరాజుల పట్టికలో 'వైంగేయక హస్తివర్మ' అని ఒక పేరున్నది. ఇది మన వేంగియే. నేటి ఏలూరికి ఉత్తరముగా నున్న పెదవేగియే. హస్తివర్మ శాలంకాయన వంశపు రాజు. ఇంతవరకు తగవు లేదు. అదే పట్టికలో 'కౌరాళక మంటరాజు' అని మఱియొక పేరు కలదు. ఈ కౌరాళ మెక్కడిది? గుప్తశాసనముల సంపుటమును 1888లో ప్రకటించిన ఫ్లీటు దొర చూపు కేరళము వైపు పోయినది. తరువాత జర్మను పండితుడైన కీల్‌హార్న్, 'ఎపిగ్రాఫియా ఇండికా' ఆఱవ సంపుటములో ఐహొళె శాసనమును పరిష్కరించెను. అది రెండవ పులకేశి కాలమున, 634–635లో, రవికీర్తి కూర్చినది. అందులో పిష్టపురమును గెలిచిన ముచ్చట వెంబడి 'కునాళ' జలములు నెత్తుటితో ఎఱ్ఱబాఱిన యుద్ధమొకటి వర్ణింపబడినది. ఆ కునాళమే కొల్లేరని కీల్‌హార్న్ నిర్ణయించెను. అంతటితో ఆగక, అలహాబాదు స్తంభముమీది 'కౌరాళక' గూడ చెక్కినవాని పొరపాటే యనియు, అది 'కౌనాళక' అని యుండవలెననియు సూచించెను.

చూడుడు. 'రా' పోయి 'నా' వచ్చినది. ఒక్క అక్షరము మాఱుటతో మంటరాజు కొల్లేటికి ప్రభువైనాడు.

ఈ సూచన తెలివితక్కువది కాదు; కీల్‌హార్న్ వంటివాడు చేసినది. కాని దానికి బలమైన అభ్యంతరము కలదు. హేమచంద్ర రాయ్ చౌధురి దానిని స్పష్టముగా చెప్పెను: కొల్లేరు వేంగిరాజైన హస్తివర్మ యేలుబడిలోనిదే కావలెను గదా, అతని పేరు వేఱుగా ఉండగా అదేచోట మఱియొక రా జెట్లుండును? పెదవేగినుండి కొల్లేటి గట్టునకు ఎడ్లబండిమీద ఒక పూట ప్రయాణము. ఈ ప్రాంతమున పుట్టి పెరిగినవాడను గనుక నాకు రాయ్ చౌధురి మాటయే సబబుగా తోచును. అయినను తగవు తీరలేదు. అది తీరకపోవుట తప్పు కాదు. తీరినట్లు వ్రాయుట తప్పు. "కొల్లేటి ప్రభువగు మంటరాజు" అని ఏ గుర్తును లేకుండ వ్రాసిన పుస్తకములను నేను చదివితిని. కొల్లేటి లంకలలో ఒక తీర్థపు కరపత్రమున, సముద్రగుప్తుడు తమ ఊరికి వచ్చినట్లు అచ్చువేసికొనుట గూడ చూచితిని. ఆ ఊరివారిని ఏమనగలము? వారు పుస్తకమును నమ్మిరి. పుస్తకము మఱియొక పుస్తకమును నమ్మినది. మొదటి పుస్తకములో అడుగున చిన్న అక్షరములతో నున్న "కావచ్చును" అను మాట దారిలో జారిపోయినది.

ఇక రాగిరేకుల సంగతి. ఏలూరిలో దొరకిన శాలంకాయన దేవవర్మ ప్రాకృత శాసనమును హుల్ట్‌జ్ పండితుడు 'ఎపిగ్రాఫియా ఇండికా' తొమ్మిదవ సంపుటమున ప్రకటించెను. అశ్వమేధము చేసినానని చెప్పుకొన్న ఈ రాజు తన పదుమూడవ పాలనవత్సరమున గణశర్మ యను బ్రాహ్మణునికి ఇరువది నివర్తనముల భూమి నిచ్చినాడు. ఆ ఆజ్ఞ 'ఏలూర' గ్రామపువారిని ఉద్దేశించినది. మన ఏలూరు పేరు వ్రాతలో కనబడు మిక్కిలి పాతచోట్లలో ఇది యొకటి. శాలంకాయనుల శాసనములలో గ్రామపెద్దను చెప్పు మాట యొకటి కలదు; దానిని ఒకచోట 'ముతుడ' అని చదివిరి, మఱియొకచోట 'ములుడ' అని చదివిరి. ఆ నాటి లిపిలో అక్షరములు ఒకదాని నొకటి పోలియుండుటయు, రేకు అరిగియుండుటయు ఇట్టి చిక్కులకు మూలము. ఆ లిపికి 'వేంగి లిపి' అని పేరుపెట్టి, దక్షిణదేశపు లిపులనుగూర్చి 1874లో పుస్తకము వ్రాసిన బర్నెల్ దొర కొల్లేటి శాసనమని పేరుపొందిన నందివర్మ రేకులనే అందుకు ఆధారముగా తీసికొనెను.

శాలంకాయనుల తరువాత విష్ణుకుండినులు, వారి తరువాత ఏడవ శతాబ్దమున చాళుక్యులు. కుబ్జవిష్ణువర్ధనునితో మొదలై పదునొకండవ శతాబ్దము వఱకు సాగిన ఈ వంశపు రాగిశాసనములు పెక్కు దొరకినవి. వాని కూర్పు ఇంచుమించుగా ఒక్కటే. మొదట వంశప్రశస్తి, తరువాత ఎవరెవరు ఎన్నియేండ్లు ఏలిరో చెప్పు వంశావళి, అటుపై దానముచేయు రాజు, పుచ్చుకొనువాని గోత్రము, గ్రామము, నాలుగు దిక్కుల పొలిమేరలు, దానము నపహరించినవారికి శాపశ్లోకములు, చివర 'ఆజ్ఞప్తి', అనగా ఆజ్ఞను నెరవేర్చు అధికారి. తరువాతి శాసనములలో ఈ ఆజ్ఞప్తి తఱచుగా 'కటకరాజు'. కొన్నింటిలో కవి పేరును చెక్కినవాని పేరును గూడ ఉండును. సంస్కృతముగా నడచిన శాసనము పొలిమేరల దగ్గఱకు వచ్చుసరికి తెలుగులోనికి దిగుట గూడ కలదు. చెట్టును గుంటను పుట్టను చెప్పవలసివచ్చినపుడు ఊరివారికి తెలిసిన మాట కావలెను గదా. రెండవ అమ్మరాజు కలుచుంబర్రు శాసనము తాడేపల్లిగూడెమునకు దూరము కాని అత్తిలి సీమది. చామెకాంబ యను నామె ప్రేరణచేత, జైనాచార్యుడైన అర్హనందికి, సర్వలోకాశ్రయ జినభవనము నిమిత్తమై ఇచ్చిన ఊరు అది. ఈ శాసనమును అచ్చువేసినవాడు గూడ ఫ్లీటే.

ఆ నాటి సంపాదకులు నిజాయితీపరులు. వారు గుర్తులు పెట్టకపోలేదు. పోయిన అక్షరమును పూరించినపుడు చతురస్రపు కుండలీకరణములో నుంచిరి. తాము చేర్చినదానిపై నక్షత్రము పెట్టిరి. అనుమానమున్నచోట ప్రశ్నార్థకము వేసిరి. చిక్కేమనగా, ఒకరి కుండలీకరణమునకు ఒక అర్థము, మఱియొకరి కుండలీకరణమునకు మఱియొక అర్థము. గ్రీకు, లాటిను శాసనముల పండితులు 1931లో హాలెండు దేశపు లైడెన్ నగరమున కూడి ఈ గుర్తులకు ఒక ఒప్పందము చేసికొనిరి. అయినను అచ్చుగుర్తు అచ్చుగుర్తే. మన దేశమున శాసనపాఠమును తెలుగు పుస్తకములోనికి దింపుకొను నకలుకాడు మొదట తీసివేయునది ఆ కుండలీకరణములనే; చదువుటకు అడ్డముగా నుండునని. ఈ పని నేనును చేసితిని, ప్రసంగములలో. శ్రోతకు కుండలీకరణము వినబడదు గదా అని సమాధానము చెప్పుకొంటిని.

ఇప్పుడు కొంతసేపు మన సీమను విడిచి, ఈ కొత్త గుర్తులు ఎట్లు పుట్టినవో చూతము.

1969లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో ఛార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను ముగ్గురు, న్యాయవాదుల కార్యాలయములలోని దస్తావేజులను యంత్రముతో దాచి, వెదకి, అచ్చువేయు పనిలో నుండిరి. గోల్డ్‌ఫార్బ్ స్వయముగా న్యాయశాస్త్రము చదివినవాడు. అంతకుముందు యంత్రమునకు ఇచ్చు గుర్తులన్నియు రూపమును చెప్పునవి: ఈ మాటను పెద్ద అక్షరములతో వేయుము, ఇచ్చట రెండు పంక్తులు విడువుము అని. వీరు రూపమును విడిచి స్వభావమును గుర్తించిరి: ఇది శీర్షిక, ఇది ఉపవాక్యము, ఇది పేరు. రూపము తరువాత ఎవరికి కావలసినట్లు వారు నిర్ణయించుకొనవచ్చును. ఆ పద్ధతికి 'జి.ఎం.ఎల్.' అని పేరు. ముగ్గురి యింటిపేర్ల మొదటి అక్షరములును అవే! అది పెరిగి 1986లో 'ఎస్.జి.ఎం.ఎల్.' అను అంతర్జాతీయ ప్రమాణమైనది. అది బలమైనదే గాని మిక్కిలి బరువైనది. దానికి తగిన సాధనములను నిర్మించుట పెద్ద సంస్థలకే చెల్లినది.

1987 నవంబరులో న్యూయార్కు రాష్ట్రమునందలి పొకీప్సీలో, వాసర్ కళాశాలయందు, ప్రాచీనగ్రంథములను కంప్యూటరులో నెక్కించువారు సమావేశమైరి. నాటికి ఎవరి గుర్తులు వారివి. ఒకరి పాఠము మఱియొకరికి పనికిరాదు. ఆ సమావేశము నుండి పుట్టినది 'టి.ఇ.ఐ.' అను నియమావళి. దాని సంపాదకులలో ఒకడైన మైకేల్ స్పెర్బెర్గ్-మెక్వీన్ జర్మను సాహిత్యము చదివిన పండితుడు. 1998 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 'ఎక్స్.ఎం.ఎల్.' ప్రమాణమును ప్రకటించినపుడు, దాని ముగ్గురు సంపాదకులలో ఆ పండితుడొకడు. తక్కినవారు టిమ్ బ్రే, జాన్ పావొలి. వీరు ఎస్.జి.ఎం.ఎల్.లో బరువును దించి, చిన్న కార్యక్రమముతో చదువదగినట్లు దానిని తేలిక చేసిరి. అందుచేతనే, ఇది వర్తకుల పద్ధతి యనువారితో నేను ఏకీభవింపను.

దానిని కన్నులతో చూచిన గాని తెలియదు. మన దేవవర్మ శాసనపు సారమును తెలుగు గుర్తులతోనే వ్రాసిన ఇట్లుండును:

<శాసనము>
<దాత>దేవవర్మ</దాత>
<గ్రామము>ఏలూర</గ్రామము>
<భూమి కొలత="నివర్తనము">20</భూమి>
</శాసనము>

కోణపు కుండలీకరణములలో నున్నది చీటీ. ఇంగ్లీషువారు 'ట్యాగు' అందురు. చీటీ తెఱచుచోట ఒకటి, మూయుచోట గీత చేర్చి మఱియొకటి. నడుమ నున్నది మాట. చీటీలోపల 'కొలత' వంటి లక్షణములను చేర్చవచ్చును. చీటీల పేర్లను తెలుగులో పెట్టుకొనుటకు 1998 నాటి మొదటి ప్రమాణమే అనుమతించినది. ఈ సంగతి చెప్పగా మా కేంద్రములో ఇంజనీరు మిత్రుడొకరు నమ్మలేదు. పైపంక్తులను యంత్రమునకిచ్చి చూపవలసివచ్చినది.

నియమములు కొద్దివి, కఠినమైనవి. తెఱచిన ప్రతి చీటీని మూయవలెను. లోపల తెఱచినదానిని లోపలనే మూయవలెను. అన్నింటిని చుట్టి ఒక్క పెద్ద చీటీ ఉండవలెను. చాళుక్యులు తమ రేకులను ఒక కడియమునకు గ్రుచ్చి, దాని కొసలను వరాహలాంఛనముతో 'శ్రీ త్రిభువనాంకుశ' అను ముద్రతో బిగించిరి. కడియమును కోయనిదే ఒక రేకును చేర్చుటకుగాని తీయుటకుగాని వీలులేదు. ఇక్కడి పెద్ద చీటీ ఆ కడియము వంటిది. ఈ నియమములలో ఏది తప్పినను, చదువు యంత్రము, దానిని 'పార్సరు' అందురు, అక్కడనే ఆగి తప్పున్న పంక్తి సంఖ్య చెప్పును. మామూలు వెబ్ పుటలను చూపు బ్రౌజరు తప్పులను మన్నించి ఏదో యొకటి చూపును. ఎక్స్.ఎం.ఎల్. పార్సరు మన్నింపదు, మన్నింపవద్దని ప్రమాణమే శాసించుచున్నది. మొదట ఇది క్రూరమనిపించినది. తెలియక సాగిపోవుటకంటె ఆగిపోవుట మేలని మౌనమును ప్రకటించిన నాకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

శాసనముల పనికి ఈ పద్ధతిని మలచినది 'ఎపిడాక్'. ఇరువదవ శతాబ్దము ముగియు కాలమున టామ్ ఎలియట్ అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయములో దీనిని ఆరంభించెను. టి.ఇ.ఐ. చీటీలనే తీసికొని, లైడెన్ గుర్తులకు ఒక్కొకదానికి ఒక్కొక చీటీ నియమించిరి. అక్షరము కనబడుచున్నది గాని నిశ్చయము లేదనిన 'అన్‌క్లియర్'. అక్షరము పోయినది, సంపాదకుడు పూరించెననిన 'సప్లైడ్'. ఎందుచేత పూరించెనో గూడ చెప్పవలెను. పూరించుటకు వీలులేనిచో 'గ్యాప్'. ఎన్ని అక్షరములు పోయినవో సంఖ్య. చెక్కినవాని తప్పును 'సిక్' అను చీటీలోను, సంపాదకుని సవరణను 'కార్' అను చీటీలోను, రెండింటిని పక్కపక్కనే ఉంచవలెను. ఒకటి మఱియొకదానిని తుడిచివేయరాదు. ఎవరు దిద్దిరి, ఎంత నిశ్చయముతో దిద్దిరి అను రెండు లక్షణములను గూడ చేర్చవచ్చును.

ఇందొక చిక్కు కలదు. అది నాకు మిక్కిలి నచ్చినది. శ్లోకము ఒక రేకు చివర మొదలై, తరువాతి రేకుమీద ముగియును. శ్లోకమునకు ఒక చీటీ, రేకునకు ఒక చీటీ పెట్టితిమా, అవి ఒకదానినొకటి అడ్డముగా కోసికొనును, ఎక్స్.ఎం.ఎల్. దానిని ఒప్పుకొనదు. దాని లోకము చెట్టు వంటిది: కొమ్మనుండి రెమ్మ పుట్టునే గాని, ఒక రెమ్మ రెండు కొమ్మలకు పుట్టదు. పండితులు ఏమి చేసిరి? గ్రంథమునకు శ్లోకమే కొమ్మ యని నిర్ణయించి, రేకు మాఱుచోట, పంక్తి మాఱుచోట, లోపల ఏమియు లేని చిన్న చీటీని మైలురాయి వలె నాటిరి. మాట నడుమ పంక్తి విరిగినయెడల "ఇచ్చట మాట తెగలేదు" అని ఆ రాతిమీదనే వ్రాయుదురు. ఇది రాజీయే. చెక్కినవానికి రేకు ముఖ్యము, కవికి శ్లోకము ముఖ్యము. యంత్రము ఒకరి పక్షము వహింపుమన్నది.

సాధనములను గూర్చి కొంత చెప్పవలెను. వ్రాయుటకు మామూలు అక్షరముల ఎడిటరు చాలును. కాని చీటీలను తానే మూయుచు, తప్పుచోట ఎఱ్ఱగీత గీయు ఎడిటర్లు కలవు. రుమేనియాలోని క్రాయోవా నగరమున తయారగు 'ఆక్సిజన్' అను ఎడిటరు శాసనపండితులలో బాగుగా వ్యాపించినది. రెండవది 'స్కీమా': ఏ చీటీలో ఏది యుండవచ్చును, ఏది తప్పక యుండవలెను అను కట్టడి. చీటీలన్నియు సరిగా మూసినను, పొలిమేర చీటీలో రాజు చీటీని పెట్టితిమా, స్కీమా ఒప్పుకొనదు. మూడవది 'ఎక్స్‌పాత్': శాసనములోపల చిరునామా చెప్పి వెదకు భాష; వంశావళిలోని రాజు, ఆ రాజు పాలనకాలము అని త్రోవ చెప్పిన, ఆ సంఖ్యలన్నింటిని ఏరి తెచ్చును. నాలుగవది 'ఎక్స్.ఎస్.ఎల్.టి.', 1999లో ప్రమాణమైనది: ఒకే మూలమునుండి పండితునికి కుండలీకరణములతో ఒక ప్రతి, పాఠకునికి సరళముగా ఒక ప్రతి తయారుచేయును. మూలములో గుర్తులు చెక్కుచెదరవు. నా వంటివాడు కుండలీకరణములను తీసివేయుటకు ఇక సాకు లేదు.

ఎక్స్‌పాత్ ఏమి ఏరి తెచ్చునో వేంగి వంశావళి చూపును. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు. తరువాత జయసింహవల్లభుడు: ఎక్కువ శాసనములు 33 అనుచున్నవి, కొన్ని 30 అనుచున్నవి. ఇంద్రభట్టారకుడు ఏడు దినములు, పాపము. నూట యెనిమిది యుద్ధములు చేసి నూట యెనిమిది శివాలయములు కట్టించినాడని చెప్పబడు నరేంద్రమృగరాజు విజయాదిత్యునికి ఒకచోట 40, ఒకచోట 44, ఒకచోట 48. ఫ్లీటు 1891లో ఈ సంఖ్యలనన్నింటిని చేతితో పోల్చి వేంగిరాజుల కాలక్రమమును నిర్ణయించెను. జయసింహునికి 30, నరేంద్రమృగరాజునకు 44 తీసికొనెను. వంశారంభమును అతడు 615 అనెను; తరువాతివారిలో పెక్కుమంది 624 అనిరి. ఈ తొమ్మిదేండ్ల తేడాకు కారణములు పెక్కు. పాలనకాలముల లెక్క వానిలో ఒకటి. ఫ్లీటు ఏ శాసనమున ఏ సంఖ్యను చూచెనో, దానిలో చెరిగిన అక్షరమెంతయో తెలిసికొనుటకు నేను సంపుటము వెంట సంపుటము త్రిప్పవలసివచ్చినది. చీటీలు కట్టిన శాసనములలో అది ఒక ప్రశ్న. చెరిగిన సంఖ్యలను విడిచి లెక్కింపుమనుట రెండవ ప్రశ్న. సమాధానము యంత్రమిచ్చును, ఏ సంఖ్యను నమ్మవలెనో మాత్రము అది చెప్పదు.

ఇది ఊహామాత్రము కాదు. 'ధర్మ' అను పేరుతో ఐరోపా పరిశోధనా మండలి ధనసహాయమున 2019లో ఆరంభమైన పనిలో, పారిసు, బెర్లిను నగరముల విద్యాసంస్థలు చేరి, దక్షిణాసియా, ఆగ్నేయాసియా శాసనములను ఎపిడాక్ పద్ధతిలో ఎక్స్.ఎం.ఎల్.గా మార్చుటకు పూనుకొన్నవి. అందు వేంగి చాళుక్యుల శాసనములకు ప్రత్యేకముగా ఒక భాగము కలదు. ఆ భారమును బెర్లినులోని హంబోల్ట్ విశ్వవిద్యాలయమునుండి వహించినవారిలో ముఖ్యుడు డానియెల్ బలోగ్ అను సంస్కృతపండితుడు. మూలదస్త్రములను ఎవరైనను దింపుకొని చూడవచ్చును. పెదవేగి పొలములలో నిలుచుండి, ఆ యూరిని ఏలినవారి శాసనములను చేతిలోని ఫోనులో, ప్రతి పంక్తి విరుపుతో సహా, చదువ వచ్చునని నా చిన్ననాడు ఎవరైన చెప్పియున్న నమ్మియుండను.

నాకొక చిన్న కొఱత తోచినది. ఆ పాఠములు రోమను అక్షరములలో నున్నవి. పండితులకు అదియే సౌకర్యము; పలు దేశముల లిపులను ఒక్కచోట పోల్చుట వారి పని. తెలుగువాడు మాత్రము తన ఊరి పేరును పరాయి అక్షరములలో చదువవలెను. ఎక్స్.ఎస్.ఎల్.టి. వంటి సాధనము దానిని తెలుగులోనికి మార్చగలదు. అందుకు అక్షరములన్నియు ఉండవలెను గదా! చాళుక్యుల నాటి తెలుగులో 'ఴ' అను అక్షరము సజీవముగా నుండెను. 'చోఴ' అను మాటలో నుండినది అదే. ఎక్స్.ఎం.ఎల్.కు ఆధారమైన యూనికోడు పట్టికలో ఆ తెలుగక్షరము 2014లో గాని చేరలేదు. పాత శాసనములలో కనబడు మఱియొక అక్షరము, 'ౚ', 2015లో చేరినది. అంతవఱకు తెలుగులో ఆ శాసనములను ఎక్కింపదలచినవాడు ఏదో యొక పోలిక అక్షరముతో సరిపెట్టుకొనవలసివచ్చినది. అదియు గుర్తులేని సవరణయే.

అక్షరముల మాట వచ్చినది గనుక ఒక బాధను గూడ చెప్పుదును. నేను కొలువులో చేరిన తొలి సంవత్సరములలో వ్రాసిన ప్రసంగములు నాటి డి.టి.పి. అక్షరములతో కంప్యూటరులో కొట్టించినవి. వానిలో శాసనములమీద చేసిన పది పదునైదు ప్రసంగములుండెను. నేడు తెఱచిన ఇంగ్లీషు అక్షరములును చుక్కలును గీతలును కలగలిపిన గందరగోళము కనబడును. ఆ అక్షరముల కార్యక్రమము మా యంత్రములలో లేదు. ఇరువది యేండ్ల తెలుగు చదువరాదు. పదునాఱు శతాబ్దముల నాటి దేవవర్మ రేకు చదువ వచ్చును! ఎక్స్.ఎం.ఎల్. దస్త్రము మామూలు అక్షరముల దస్త్రము. ఏ సాధనమును లేకున్నను కంటితో చదువవచ్చును. నేను దానివైపు తిరుగుటకు నిజమైన కారణము పాండిత్యము కాదు, ఆ పోయిన ప్రసంగములు.

ఇక దీనిని మనము ఎఱుగకయే వాడుచున్నాము. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా 'ట్యాలీ'లోని లెక్కలను వేఱొక యంత్రమునకు పంపునపుడు, ఆ దస్త్రము ఎక్స్.ఎం.ఎల్. కావచ్చును. 2007 తరువాత వర్డులో వ్రాసిన 'డాక్స్' దస్త్రము పేరు చివర 'జిప్' అని మార్చి విప్పి చూడుడు. లోపల నున్నవి ఎక్స్.ఎం.ఎల్. పుటలే. అయితే లెక్కలవారికి దీనిపై మోజు తగ్గుచున్నది. యంత్రమునుండి యంత్రమునకు చిన్న సమాచారమును పంపుటకు 'జేసన్' అను పద్ధతి తేలికయని కార్యక్రమములు వ్రాయువారు దానివైపు పోయిరి. పోనిండు. రశీదులో సంఖ్య ఉండును, లేకుండును. సగము చెరిగిన సంఖ్య యుండదు. నడుమ చెరిగి, నడుమ దిద్దబడి, పంక్తి విరిగిన వాక్యమును పట్టుకొనవలసినవారికి ఎక్స్.ఎం.ఎల్.ను విడుచుట కుదరదు.

దోషములు లేవనను. చీటీ కట్టువాడు తప్పు కట్టిన, తప్పు మఱింత స్థిరపడును. స్కీమా అక్షరమును చూడదు, రేకును చూడదు. పని మిక్కిలి నెమ్మది. ఒక్క శాసనమునకు చీటీలు కట్టుటకు పట్టు కాలములో పాతకాలపు సంపాదకుడు రెండింటిని అచ్చునకు పంపియుండును. అన్నిటికంటె పెద్ద అపాయము వేఱొకటి. నేటి యంత్రములు పుస్తకములను రాశులు రాశులుగా చదివి, అడిగినవారికి సమాధానములు చెప్పుచున్నవి. వానికి ఇచ్చు పాఠములో సంపాదకుని ఊహకు చీటీ లేనియెడల, కొల్లేటి లంకల కరపత్రము వలెనే అవియు నమ్మును, చెప్పును. వినువారు మాత్రము ఒక ఊరివారు కారు.

మొన్న సెలవునాడు ఏలూరిలో మా యింట కూర్చుండి, అలహాబాదు స్తంభపు దక్షిణాపథరాజుల పట్టికను నేనే ఎక్స్.ఎం.ఎల్.గా వ్రాసితిని. మూడుమార్లు పార్సరు ఆగిపోయినది. రెండుమార్లు మూయని చీటీ, ఒకమారు 'సిక్' లోపల మూయవలసినది బయట మూసితిని. నాలుగవమారు సాగినది. అప్పుడు కొల్లేరు ఎక్కడ వచ్చినదో వెదకుమని అడిగితిని. ఒక్క సమాధానము వచ్చినది. స్తంభముమీద: కౌరాళక. సవరణ: కౌనాళక. సూచించినవారు: కీల్‌హార్న్. నిశ్చయము: తక్కువ.